ఫ్లెక్సీ మేడమ్

కాలేజీ గేటుకు ఎడమపక్క, మనిషికి రెండింతల ఎత్తున్న ఫ్లెక్సీలో ఆమె నవ్వుతూ ఉంటుంది. మెడలో పతకం, చేతిలో పట్టా, కింద పెద్ద అక్షరాలతో, "పెద్ద కాలేజీలో సీటు వదులుకుని మమ్మల్ని ఎంచుకుంది. మరి మీరు?" అన్న ప్రశ్న. ఎండకు రంగుల్లో ఎరుపే ముందు పోతుంది కాబట్టి వేసవి ముగిసేసరికి ఆమె మొహం నీలంగా మారుతుంది. అప్పుడు అదే ఫొటోతో మళ్ళీ కొత్త ఫ్లెక్సీ వేయిస్తారు. గేటు బయట ఆమెకు వయసు రాదు. గేటు లోపల మాత్రం చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి, కళ్ళజోడు వచ్చింది, మెట్లెక్కితే మోకాలు పట్టేస్తోంది. పిల్లలు ఆమెను ఫ్లెక్సీ మేడమ్ అంటారు. ఆ మాట ఆమె చెవిన పడుతుందని వాళ్ళకు తెలుసు. పడినా ఏమీ అనదనీ తెలుసు.

ఆమె దేనికీ ఏమీ అనదు. తరగతిలో వెనక బెంచీలవాళ్ళు నిద్రపోతే లేపదు. స్టాఫ్ రూములో ఆమె కుర్చీని ఎవరైనా లాక్కుంటే ఇంకో కుర్చీ వెతుక్కుంటుంది. కోపం అణుచుకుంటోందని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. అణుచుకోవడానికి అసలు కోపమంటూ రావాలిగా! పొగిడినా అంతే, తిట్టినా అంతే, చీమ కుట్టినట్టయినా ఉండదు. ఇంట్లో వాళ్ళమ్మ అయితే, "నీతో మాట్లాడే బదులు ఆ బీరువాతో మాట్లాడితే నయం, తలుపు తీస్తే కిర్రుమనైనా అంటుంది," అని విసుక్కుంటుంది. ఆ బీరువాలోనే కూతురి పతకాలన్నీ పాత దుప్పట్ల మధ్య భద్రంగా ఉన్నాయి.

వేసవి వచ్చిందంటే ఆ కాలేజీలో లెక్చరర్లందరికీ గుండెల్లో రాయి పడుతుంది. అడిగినవాడికల్లా సీటిచ్చే కాలేజీ అది. అడిగేవాళ్ళే తక్కువ. అందుకని పాఠాలు చెప్పేవాళ్ళు సంచీ తగిలించుకుని వీధులు పట్టుకు తిరిగి, ఇంటింటికీ వెళ్ళి, పిల్లల్ని చేర్పించమని బతిమాలాలి. ఆమెకు ఒక్కదానికే ఆ తిరుగుడు తప్పింది. ఆమె అడ్మిషన్ల గదిలో ఫ్యాను కింద కూర్చుంటే చాలు. తల్లిదండ్రులు రాగానే ప్రిన్సిపాల్ గారు ఆమె వైపు చెయ్యి చూపిస్తారు. వాళ్ళు గేటు బయటి మొహాన్నీ కుర్చీలోని మొహాన్నీ పోల్చి చూసుకుంటారు. అప్పుడామె ఒకే మాట చెబుతుంది: "నేనూ ఇక్కడే చదివాను. నాకేం తక్కువైంది?" ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ ఆ మాట అరిగిపోయింది. చెబుతున్నప్పుడు మనసులో ఇంటికి కావలసిన సరుకులు లెక్క వేసుకుంటూ ఉంటుంది.

పెద్ద కాలేజీలో సీటు వదులుకున్న మాట నిజమే. ఎందుకు వదులుకుందో మాత్రం ఫ్లెక్సీ మీద పట్టదు. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. కూతురికి మంచి ర్యాంకు వస్తే చొక్కా ఇస్త్రీ చేయించుకుని రెండు కాలేజీలూ చూపించుకొచ్చాడు. పెద్ద కాలేజీలో తండ్రీకూతుళ్ళు పొద్దుటి నుంచి వరండాలోనే నిలబడ్డారు. వాచ్‌మన్ కూడా తలెత్తి చూడలేదు. ఆ వరండాలో ఉన్న పిల్లలందరూ వాళ్ళ వాళ్ళ బడుల్లో ఫస్టే. వాళ్ళ మాటలు వింటూ ఆమె నాన్న వెనక్కి జరిగి నిలబడింది. ఒకటో తరగతి నుంచి ఫస్టు తప్ప మరో చోటు ఎరగని పిల్ల అది. ఇక్కడికొస్తే అప్పటి ప్రిన్సిపాలే గేటు దాకా ఎదురొచ్చి కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. బయటికొచ్చాక వాళ్ళ నాన్న, "మనల్ని మనిషిగా చూసినచోట ఉందామమ్మా," అన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది. మెకానికల్ బ్రాంచిలో చేరింది. భయపడి చేరానని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. అడగకుండానే ఆయన పోయాడు.

చేరిన మొదటి పరీక్షకే ఫస్టు. రెండోదానికీ ఫస్టే. అక్కడితో లెక్చరర్ల పని తేలికైపోయింది. కాలేజీ లోపల పెట్టే పరీక్షల పేపర్లు దిద్దడానికి వాళ్ళకొక పద్ధతి ఉండేది. ప్రశ్నలకు జవాబులు ముందుగా తయారు చేసుకోవాలంటే ఎవరికి ఓపిక? కట్టలోంచి ఆమె పేపరు పైకి తీసి, చదవకుండానే పూర్తి మార్కులు వేసి, దాన్ని పక్కన పెట్టుకుని మిగతావాళ్ళవి దానితో పోల్చి దిద్దేసేవారు. ఆమె రాసిందే జవాబు. ఆ సంగతి తరగతిలో అందరికీ తెలుసు, దాని మీద బోలెడు జోకులు కూడా ఉండేవి.

రెండో ఏడాదిలో ఒకసారి ఇరుసు మందం కట్టే లెక్క వచ్చింది. ఆమె తొందరలో వ్యాసం వేయాల్సిన చోట వ్యాసార్ధం వేసేసింది. చివరి బెంచీలో ఒక పొడుగాటి అబ్బాయి ఉండేవాడు, ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ లెక్క సరిగ్గా చేసింది అతనొక్కడే. పేపర్లు ఇచ్చినప్పుడు లేచి నిలబడి తనది కరెక్టేనేమో చూడమన్నాడు.

"ఆ అమ్మాయి తప్పు రాసి, నువ్వు కరెక్టు రాశావా?" అన్నాడు మాస్టారు.

తరగతంతా గొల్లుమంది. పొడుగాటి అబ్బాయి కూర్చున్నాడు. ఆమె ఇంటికెళ్ళి లెక్క మళ్ళీ వేసి చూసుకుంటే తన తప్పు కనబడింది. మర్నాడు పొద్దున్నే స్టాఫ్ రూముకు పరిగెత్తి చెప్పింది. మాస్టారు టీ తాగుతున్నాడు. పేపరు వైపు కూడా చూడలేదు.

"పోనీలేమ్మా. ఇప్పుడిది కదిపితే అందరివీ మళ్ళీ దిద్దాలి. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

ఆమె పేపరు ఆయన ముందుకు జరిపింది. ఆయన గ్లాసు కింద పెట్టి నవ్వాడు, అంతే. అప్పటి నుంచి మార్కులు చూస్తే ఆమెకు ఏమీ అనిపించేది కాదు. తను రాసింది నిజంగా ఒప్పో, తను రాసింది కాబట్టి ఒప్పో తేల్చుకునే దారి లేదు. పతకం మెడలో వేసినప్పుడు ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు కాబట్టి నవ్వింది. చదువయ్యాక ఒక కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. మొదటి ప్రశ్నకు గబగబా చెప్పింది. "అలా ఎందుకు?" అని వాళ్ళు రెండో ప్రశ్న వేశారు. అంతకుముందు ఆమెను ఎవరూ రెండో ప్రశ్న అడగలేదు. నీళ్ళు నమిలి ఇంటికొచ్చేసింది. ఆ వారమే కాలేజీ నుంచి కబురొచ్చింది, పాఠాలు చెప్పమని. వెళ్ళింది. టీ తాగిన ఆ మాస్టారే తర్వాత ప్రిన్సిపాల్ అయ్యాడు.

ఈ వేసవిలో ఒక లిఫ్టు మెకానిక్ తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తండ్రి గోళ్ళలో గ్రీజు మరకలు ఇంకా ఉన్నాయి. కూతురు సన్నగా, జడ ముందుకు వేసుకుని, గదిలో ప్రతి వస్తువునూ అనుమానంగా చూస్తోంది. ర్యాంకు చూడగానే ప్రిన్సిపాల్ గారి కళ్ళు మెరిశాయి. పెద్ద కాలేజీలో వేరే బ్రాంచి వచ్చే ర్యాంకు అది. పిల్లేమో మెకానికలే కావాలని పట్టు పట్టింది. ఆయన వెంటనే ఫ్లెక్సీ మేడమ్ వైపు చెయ్యి చూపించాడు.

"నేనూ ఇక్కడే చదివాను. నాకేం తక్కువైంది?" అంది ఆమె.

"ఏం ఎక్కువైంది మేడమ్?" అంది పిల్ల.

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. తండ్రి కంగారుపడి, "ఏయ్, పెద్దవాళ్ళతో అలాగేనా?" అని మోచేత్తో పొడిచాడు. ప్రిన్సిపాల్ గారు ఏదో ఫోనొచ్చిందని వరండాలోకి నడిచాడు. ఫ్యాను తిరుగుతోంది. సరుకుల లెక్క ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆమె నోట్లోంచి వచ్చిన మాట ఆమె అనుకుని చెప్పింది కాదు.

"ఇక్కడ చేరితే ఫస్టొస్తావు. ఆ తర్వాత నీ తప్పు నీకు చెప్పేవాళ్ళు దొరకరు. పెద్ద కాలేజీకే వెళ్ళమ్మా. అక్కడ వెనక బెంచీలో కూర్చున్నా సరే."

లిఫ్టు మెకానిక్ కాగితాలు సర్దుకున్నాడు. ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు. ఆమె నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. ఉద్యోగం పోతుందేమోనన్న ఆలోచన వచ్చింది గానీ దాని వెంట భయం రాలేదు.

రెండు రోజులకు తండ్రీకూతుళ్ళు మళ్ళీ వచ్చి, ఏమీ అడగకుండా కాగితాలు ఇచ్చేసి చేరిపోయారు. ప్రిన్సిపాల్ గారు సంతోషం పట్టలేక ఆమె దగ్గరికే వచ్చాడు.

"ఏం మంత్రం వేశావమ్మా? ఎన్ని కాలేజీలు తిరిగినా నిజం చెప్పిన మేడమ్ ఇక్కడే ఉందిట, అందుకని ఇక్కడే చేర్పిస్తాడట ఆయన! ఏం చెప్పావో గానీ, ఇకమీదట వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పు."

ఆమె సరేనంది. వేరొకరైతే తల గోడకేసి కొట్టుకునేవాళ్ళు. జీవితంలో ఒక్కసారి ఒక పిల్లను గేటు అవతలికి తోసేద్దామనుకుంటే, ఆ తోపుకే అది లోపలికొచ్చి పడింది. అందుకు కూడా ఆమెకు ఏడుపు రాలేదు.

తరగతులు మొదలయ్యాయి. పిల్ల మొదటి బెంచీలో కూర్చునేది. ప్రశ్న పూర్తి కాకముందే చెయ్యి లేచేది. పట్టుమని పది రోజులు గడవకముందే మిగతావాళ్ళు చేతులెత్తడం మానేశారు. మిగతా లెక్చరర్లు అప్పుడే, "ఈ ఏడాది మన పని సులువు," అని నవ్వుకుంటున్నారు. ఫ్లెక్సీ మేడమ్ బోర్డు వైపు తిరిగి రాస్తున్నప్పుడు వెనక నుంచి ఆ పిల్ల గొంతు ఒక్కటే వినబడేది. ఆ గొంతు అచ్చం తనదే అన్నట్టుండేది.

మొదటి పరీక్ష అయింది. ప్రిన్సిపాల్ గారు పిలిచి, "తొందరగా దిద్దేయమ్మా. కొత్త ఫ్లెక్సీ వేయిస్తున్నాం. నీ పక్కన ఆ అమ్మాయి ఫొటో. ఫస్ట్ ఇయర్ ఫస్ట్ అని వేస్తాం, మార్కులు వచ్చాక ప్రింటుకు పంపుతా," అన్నాడు. ఫొటోగ్రాఫరు అప్పటికే వచ్చి వెళ్ళాడు. పిల్లనూ నవ్వమనే ఉంటాడు.

ఆమె పేపర్ల కట్ట ముందు కూర్చుంది. పిల్ల పేపరును ఎవరో పైకి తీసి పెట్టారు. ఆమె దాన్ని కట్ట అడుక్కి తోసింది. తన దగ్గర జవాబుల కాగితం ఉంది. చేరిన కొత్తలో తనే రాసి పెట్టుకున్నది. మొదటి ఏడాది పాఠాలు ఎవరు చెప్పినా దిద్దడానికి అదే వాడతారు. ప్రశ్నలూ కొద్దిగా అటూ ఇటుగా ప్రతి ఏడాదీ అవే. దానితో సరిచూసుకుంటూ ఒక్కో పేపరూ దిద్దింది. అడుగునున్న పిల్ల పేపరు మాత్రం అక్షరం అక్షరం చదివింది. వాలుబల్ల మీద దిమ్మె లెక్క దగ్గర చెయ్యి ఆగింది. జారుడుబల్ల లాంటి పలక మీద ఒక దిమ్మె, దాన్ని పైకి లాగుతూ ఒక తాడు, దిమ్మె కదలకుండా ఉంది. రాపిడి ఎంత, ఎటువైపు అని ప్రశ్న. పిల్ల కిందివైపు అని రాసింది. అది తప్పు. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసింది. పిల్ల ఫస్టు కాదు. మూడో నాలుగో చోటికి దిగింది.

మర్నాడు పొద్దున పేపర్లు తరగతిలో చూపించి వెనక్కి తీసుకుంది. మధ్యాహ్నం పిల్ల, తిరిగివ్వకుండా దాచుకున్న తన పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"ఇక్కడ తప్పు చెప్పేవాళ్ళు దొరకరన్నారుగా మేడమ్! మరి ఇదేంటి?"

"తప్పు కాబట్టి."

"ఎలా తప్పు? తాడు పైకి లాగుతోంది. అడ్డుపడాలంటే ఫ్రిక్షన్ కిందికే కదా ఉండాలి?"

ఆమె సుద్దముక్క తీసుకుని స్టాఫ్ రూములోని చిన్న బోర్డు మీద బొమ్మ వేసింది. "బరువు దిమ్మెను కిందికి లాగే బలం యాభై. తాడు పైకి లాగేది ముప్పై. ఏది ఎక్కువ?"

"కిందికి లాగేది."

"అంటే దిమ్మె ఎటు జారాలని చూస్తోంది?"

పిల్ల బొమ్మ మీద వేలు పెట్టి కిందికి జరిపింది. మొహంలో ఎరుపు మెల్లగా తగ్గింది. "కిందికి. అయితే ఫ్రిక్షన్ పైకి. సరే మేడమ్, నాదే తప్పు."

"పైకి. ఎంత? ఆ పలకకున్న పూర్తి రాపిడి నలభై," అని రాసి ఆమె సుద్ద కింద పెట్టబోయింది. ఇన్నేళ్ళూ ఆ లెక్క అక్కడే ముగిసేది.

"ఒక్క నిమిషం మేడమ్. అలా ఎందుకు?"

రెండో ప్రశ్న. ఆమె సుద్దను కింద పెట్టలేదు.

"పైకి తాడు ముప్పై, ఫ్రిక్షన్ నలభై. మొత్తం డెబ్భై," అంది పిల్ల వేళ్ళు మడుస్తూ. "కిందికి యాభయ్యే. అలాగైతే దిమ్మె దానంతటదే పైకి ఎక్కిపోవాలిగా? కదలట్లేదని ప్రశ్నలోనే ఉంది. ఫ్రిక్షన్ నలభై దాకా ఇవ్వగలదు, అంతే. ఇక్కడ కావలసింది ఇరవయ్యే." బోర్డు మీది నలభై చూపించి, "మీదీ తప్పే మేడమ్," అంది.

స్టాఫ్ రూములో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడయింది. ఆమె బోర్డు వైపు చూసింది. ముప్పై, నలభై, యాభై. ఎక్కాలు నేర్చిన పిల్లలు కూడా పట్టేసే తప్పు. రాపిడి అనగానే పూర్తి విలువ వేసేయడం ఆమె చేతికి అలవాటైపోయింది. ఆ కాగితం ఆమె రాసింది కాబట్టి ఇంకెవరూ చదవలేదు. ఇన్నేళ్ళుగా ఆ కాలేజీలో దిమ్మెలు తమంతట తాము కొండెక్కుతూనే ఉన్నాయి.

ఆమె పేపర్ల కట్ట విప్పింది. పిల్ల పక్కనే నిలబడి చూస్తోంది. ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోతే అడుగుకు దగ్గరలో ఒక పేపరు దొరికింది. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. ఇరవై, పైకి, అని ఉంది. దాని మీద అడ్డంగా తన ఎర్రసిరా. ఈసారికి ఈ కుర్రాడొక్కడు. పోయినేడాది ఎంతమందో, అంతకుముందు ఎంతమందో. చివరి బెంచీలో లేచి నిలబడి, నవ్వులు విని, మళ్ళీ కూర్చున్న పొడుగాటి అబ్బాయి గుర్తొచ్చాడు. అతని మొహం గుర్తు రాలేదు, నిలబడిన తీరు మాత్రం గుర్తొచ్చింది.

కట్ట పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పింది. మార్కులన్నీ మారతాయంది. పాత కాగితం పక్కన పడెయ్యాలంది. ఆయన టీ గ్లాసు చేతిలో పట్టుకునే విన్నాడు. ఫ్లెక్సీ గురించి ఒకసారి నుదురు చిట్లించాడు. ఆ తర్వాత తేలిగ్గా నవ్వాడు.

"పోనీలేమ్మా. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను సార్," అంది.

అంతకంటే ఆమెకు మాటలు దొరకలేదు. ఆయన ఇంకేదో అంటుండగానే బయటికొచ్చి, అదే ఊపులో తరగతికి నడిచింది. పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. కోడి గెలికినట్టు రాసే కుర్రాణ్ణి చివరి బెంచీ నుంచి లేపి, దిమ్మె లెక్క బోర్డు మీద చేయమంది. అతను కదల్లేదు.

"నాది తప్పని కొట్టేశారు కదా మేడమ్."

"కొట్టేసింది తప్పు. నువ్వు రాసింది కరెక్టు. నేను ఇన్నేళ్ళూ ఈ లెక్క తప్పుగా చెప్పాను, తప్పుగా దిద్దాను."

 అంతలో వెనక నుంచి ఎవరో, "ఫ్లెక్సీ చిరిగింది రోయ్," అన్నారు. గది గొల్లుమంది. మొదటి బెంచీలో పిల్ల మాత్రం నవ్వలేదు, వెనక్కి తిరిగి ఆ కుర్రాడు రావడానికి దారి ఇచ్చింది.

నవ్వు ఆగడం లేదు. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. చెవులు వేడెక్కాయి. పట్టలేనంత సిగ్గేసింది. చాలాసేపు మడిచి కూర్చుంటే తిమ్మిరెక్కిన కాలు నేల మీద పెట్టినట్టు ఒళ్ళంతా పొడుచుకొచ్చింది. ఆ నవ్వు తనకు తగిలిందని ఆమెకు తెలిసింది. సుద్దముక్క ఆ కుర్రాడి చేతిలో పెట్టి, వెళ్ళి మొదటి బెంచీలో ఆ పిల్ల పక్కన కూర్చుంది.